కుంభకం వద్దు, రేచకం ముద్దు: నీళ్ల కింద కంగారు ఎక్కడ పుడుతుంది

పన్నెండు మీటర్ల లోతు. సిలిండర్‌లో ఇంకా సగానికి పైగా గాలి ఉంది, ఆ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ శుభ్రంగా పనిచేస్తోంది, పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు, చుట్టూ రంగురంగుల చేపలు. అయినా సరే మనిషికి ఉన్నట్టుండి ఊపిరాడట్లేదు అనిపిస్తుంది. ఎంత పీల్చినా చాలదు, గుండె దడదడలాడుతుంది, నోట్లో ఉన్న ఆ రబ్బరు ముక్కే ఊపిరికి అడ్డమేమో అనిపించి దాన్ని పీకి పారేద్దామన్నంత విసుగొస్తుంది. ఒడ్డున కూర్చుని వింటే ఇది పిచ్చిగా ఉంటుంది, నీళ్ల కింద గాలి ఇచ్చే ఒకే ఒక్క వస్తువుని ఎవరైనా పీకేసుకుంటారా అని. పీకేసుకుంటారు. బాగా పనిచేస్తున్న రెగ్యులేటర్‌ని నోట్లోంచి తోసేసి, సిలిండర్‌లో గాలి పెట్టుకుని పైకి దూసుకెళ్లిన కేసులు స్కూబా డైవింగ్, అంటే సిలిండర్ గాలితో నీళ్ల కింద ఈదడం, చేసేవాళ్లకి కొత్తేమీ కాదు.

దీనికి మన దగ్గర దొరికే వివరణ ఒకటే, పిరికితనం. అండమాన్ వెళ్లి స్కూబా చేసొచ్చినవాళ్లని అడిగితే "దానికి గుండె ధైర్యం ఉండాలండీ" అంటారు, వెళ్లబోయేవాళ్లకి "భయపడకు, ఏం కాదు" అని సలహా ఇస్తారు. ఆ మాట విని ఎవరికైనా భయం తగ్గిందా అంటే అనుమానమే. ఎందుకంటే నీళ్ల కింద వచ్చే కంగారు చాలాసార్లు ఊపిరిలో మొదలై తర్వాత మనసుకి ఎక్కుతుంది. ముందు ఊపిరి లెక్క తప్పుతుంది, ఒంట్లో ఏదో తేడా కొడుతోందని మెదడుకి కబురెళ్తుంది, అప్పుడు మెదడు ఆ తేడాకి ఒక కారణం వెతుక్కుంటుంది, చుట్టూ చూస్తే అంతా నీళ్లే కాబట్టి "మునిగిపోతున్నా" అన్న కారణం రెడీగా దొరుకుతుంది.

ఊపిరాడట్లేదు అన్న ఫీలింగ్ ఆక్సిజన్ తగ్గితే వస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా అయితే అది వచ్చేది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. ఒంట్లో ఆక్సిజన్ దండిగా ఉన్నా సరే, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకుండా పేరుకుంటే మెదడు "పీల్చు, ఇంకా పీల్చు" అని తొందరపెడుతుంది. ఇక్కడే అసలు చిక్కుంది. కంగారుగా ఉన్న మనిషి చిన్నచిన్నగా, గబగబా, ఛాతీ పైభాగంతోనే ఊపిరి తీస్తాడు, అలా తీసినప్పుడు లోపలున్న పాత గాలి పూర్తిగా బయటికి పోదు.

లెక్క వేసి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. నోరు, గొంతు, శ్వాసనాళం కలిపి సుమారు 150 మిల్లీలీటర్ల జాగా ఉంటుంది, ఆ జాగాలో ఉన్న గాలి ఊపిరితిత్తుల లోపలిదాకా చేరదు, అటూ ఇటూ తిరగడమే తప్ప పనికొచ్చేది కాదు. మామూలు మనిషి ఒక్కో ఊపిరికి 500 మిల్లీలీటర్లు చొప్పున నిమిషానికి 12 సార్లు తీస్తాడనుకుంటే మొత్తం 6 లీటర్లు, అందులో 150 పోగా ఒక్కో ఊపిరికి 350 పనికొచ్చినట్టు, అంటే నిమిషానికి 4.2 లీటర్లు. అదే మనిషి కంగారుపడి 200 మిల్లీలీటర్లు చొప్పున నిమిషానికి 30 సార్లు తీశాడనుకోండి, మొత్తం అదే 6 లీటర్లు, కానీ ఒక్కో ఊపిరిలో పనికొచ్చేది 50 మాత్రమే, నిమిషానికి ఒకటిన్నర లీటరు. ఊపిర్లు రెండున్నర రెట్లు, ఫలితం సుమారు మూడో వంతు. పైగా నోట్లో ఉన్న రెగ్యులేటర్ ఆ పనికిరాని జాగాని ఇంకాస్త పెంచుతుంది. ఇలా కాసేపు సాగితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, పేరుకుంటే దాహం వేసినట్టు గాలి కోసం ఆత్రం పుడుతుంది, ఆత్రానికి మళ్లీ ఇంకా గబగబా పీల్చడం, అదొక గానుగ, తిరుగుతూనే ఉంటుంది.

లోతు దీనికి తోడవుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకి ఒక అట్మాస్ఫియర్ (నేల మీద గాలి మన మీద మోపే ఒత్తిడి అంత) చొప్పున పీడనం పెరుగుతుంది, అంటే 10 మీటర్ల దగ్గర పైనున్నదానికి రెండింతలు, 20 దగ్గర మూడింతలు, 30 దగ్గర నాలుగింతలు. రెగ్యులేటర్ ఇచ్చే గాలి కూడా ఆ పీడనానికి సరిపడా చిక్కబడుతుంది. పైన పల్చటి మజ్జిగలా ఉన్న గాలి 30 మీటర్ల దగ్గర గడ్డ పెరుగుని స్ట్రా పెట్టి పీల్చినంత కాకపోయినా, దాన్ని లోపలికీ బయటికీ నడపడానికి ఊపిరితిత్తులు ఎక్కువ కష్టపడాలన్నది మాత్రం నిజం. నిదానంగా తీస్తే ఈ తేడా తెలియదు. గబగబా తీసినప్పుడే చిక్కటి గాలి మొరాయిస్తుంది. నేల మీద పరిగెత్తి ఆయాసం తీర్చుకున్నట్టు నీళ్ల కింద ఆయాసం తీర్చుకోవడం కుదరకపోవడానికి ఇదొక కారణం, అందుకే ప్రవాహానికి ఎదురీదుతూ కాళ్లకి తొడిగిన ఫిన్స్ కొట్టి కొట్టి అలిసిపోయిన మనిషికి, అంతదాకా పిసరంత భయం లేకపోయినా, రెండు నిమిషాల్లో కంగారు పట్టుకోవచ్చు. అలాంటి చోట ధైర్యం గురించి లెక్చరిచ్చే బదులు కాళ్లు ఆపమంటే చాలు.

కాబట్టి "డీప్ బ్రెత్ తీసుకో" అనే సలహా సగమే సరైంది, చెప్పే వరసైతే తలకిందులు. నిండా పాత నీళ్లున్న బిందెలో కొత్త నీళ్లు పొయ్యాలంటే ముందు ఒంపాలి కదా. ఊపిరి కూడా అంతే, ముందు వదలాలి, పొడుగ్గా, తీరుబడిగా, పెదాల మధ్య నుంచి ఈల వేస్తున్నట్టు, బుడగలు సన్నటి ధారలా పోయేట్టు. పూర్తిగా వదిలాక లోపలికి తీసుకోవడం దానంతటదే వస్తుంది, దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. తీసుకోవడానికి నాలుగు లెక్కపెడితే వదలడానికి ఆరు లెక్కపెట్టమంటారు కొందరు ఇన్‌స్ట్రక్టర్లు, అంకెలు ఎలా ఉన్నా వదలడం ఎక్కువసేపు ఉండాలన్నదే కిటుకు. నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం కూడా కాస్త తగ్గుతుంది, ఒంట్లో ఉన్న ఏర్పాటే అది.

ఇక్కడిదాకా చదివినవాళ్లలో సగం మందికి ప్రాణాయామం గుర్తొచ్చే ఉంటుంది. నిజమే, రోజూ ప్రాణాయామం చేసేవాళ్లకి ఊపిరి మీద ధ్యాస అలవాటై ఉంటుంది, పూరకం (పీల్చడం) రేచకం (వదలడం) అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు, స్కూబాలో అది బాగా పనికొస్తుంది. ఒక్కటే పేచీ. కుంభకం. గాలి బిగబట్టడం అనేది స్కూబాలో మొట్టమొదటి నిషేధం, శిక్షణ ఇచ్చే ఏ ఏజెన్సీ పుస్తకం తీసినా, ఏ ఊళ్లో నేర్చుకున్నా, అన్నిటికంటే ముందు చెప్పే రూలు అదే. కారణం పీడనమే. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి బిగబట్టి అలాగే పైకొస్తే, పీడనం సగానికి పడిపోయి ఆ గాలి రెండింతలు అవ్వాలని చూస్తుంది, ఊపిరితిత్తులకి అంత సాగే గుణం లేదు, చిరిగి గాలి బుడగలు రక్తంలో కలిస్తే అవి మెదడుదాకా వెళ్లి ప్రాణం మీదకి తెస్తాయి. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, నిండు ఊపిరి బిగబట్టి ఒకటి రెండు మీటర్లు లేచినా దెబ్బతినొచ్చు, అంటే స్విమ్మింగ్ పూల్‌లో కూడా. అందుకని ఇంట్లో చాప మీద చేసే కుంభకాన్ని చాప మీదే వదిలేసి రావాలి.

ఈ విషయంలో ఊళ్లో బావుల్లో, కాలవల్లో ఈత నేర్చినవాళ్లకి ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని నేర్చినవాళ్లకి నీళ్లంటే బెరుకుండదు, అది పెద్ద ఆస్తి. కానీ చిన్నప్పటి నుంచి తల నీళ్లలోకి వెళ్తే ఊపిరి బిగబట్టడమే వాళ్ల ఒంటికి తెలిసిన విద్య. ఆ అలవాటు రెగ్యులేటర్ పెట్టుకున్నాక కూడా పోదు, పీల్చడం, బిగబట్టడం, ఇక ఆగలేక ఒక్కసారి వదలడం, మళ్లీ పీల్చి బిగబట్టడం. ఈత రాదని భయపడుతూ వచ్చిన హైదరాబాద్ కుర్రాడు ఇన్‌స్ట్రక్టర్ చెప్పినట్టు బుద్ధిగా వదులుతూ పోతుంటే, గజ ఈతగాడు అనుకున్నాయన పావుగంటకి తలనొప్పితో పైకి రావడం జరుగుతుంది. ఆ తలనొప్పి కూడా తరచుగా కార్బన్ డయాక్సైడ్ చలవే.

ఊపిరికి ఇంకో పని కూడా ఉంది, అది తెలియకపోవడం వల్ల చాలా కంగారు పుడుతుంది. ఊపిరితిత్తులు బెలూన్ లాంటివి, లోపల ఒక లీటరు గాలి ఎక్కువుంటే సుమారు ఒక కిలో బరువు తేలినట్టు. కంగారుగా ఉన్న మనిషి ఎప్పుడూ నిండు ఊపిరి మీదే ఉంటాడు, పూర్తిగా వదలడు, దాంతో రెండు మూడు కిలోలు తేలికై కిందకి దిగడు. గైడ్ చూసి, సరే తేలుతున్నాడని నడుముకి ఇంకో రెండు వెయిట్లు, అంటే కిందకి దిగడానికి కట్టే సీసం ముక్కలు, తగిలిస్తాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడితే ఆ ఎక్స్‌ట్రా బరువు కిందకి లాగుతుంది, కాళ్లు కిందకి జారి మనిషి నిలువుగా సైకిల్ తొక్కినట్టు తన్నుకోవడం మొదలెడతాడు, తన్నుకుంటే ఆయాసం, ఆయాసానికి మళ్లీ పైన చెప్పిన గానుగ. చూసేవాళ్లకి వీడికి భయమేస్తోంది అనిపిస్తుంది, నిజానికి వాడికున్న రోగం నడుముకున్న సీసం. అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు కంగారుగా కనిపించే స్టూడెంట్‌కి ముందు వెయిట్లు సరిచూసేది అందుకే.

ఇక మనసు వాటా. 1971లో వెల్ట్‌మన్, స్మిత్, ఎగ్‌స్ట్రోమ్ అనే ముగ్గురు ఒక ప్రయోగం అచ్చేశారు, చాలా తమాషా ప్రయోగం. మనుషుల్ని ప్రెషర్ ఛాంబర్‌లో (లోపలి గాలి పీడనం పెంచగలిగే గదిలో) కూర్చోబెట్టి 60 అడుగుల లోతుకి తీసుకెళ్తున్నట్టు నమ్మించారు, నిజానికి పీడనం ఏమీ పెంచలేదు. ఎదురుగా ఒక పని ఇచ్చారు, పక్కచూపులో ఒక లైటు వెలిగితే చెప్పమన్నారు. ఎదుటి పని అందరూ బాగానే చేశారు, కానీ లోతులో ఉన్నామనుకున్నవాళ్లకి పక్కన వెలిగే లైటు కనిపించడం తగ్గిపోయింది, గుండె వేగం పెరిగింది. ఒంటికి ఏమీ జరగలేదు, ఒట్టి నమ్మకమే చూపుని గొట్టంలా కుదించేసింది. నిజమైన నీళ్లలో దీని అర్థం ఏంటంటే, మాస్క్‌లో కాస్త నీరు చేరిందని దాని మీదే ధ్యాస పెట్టిన మనిషికి పక్కనే ఉన్న బడ్డీ (జోడీగా దిగిన డైవర్) కనపడడు, గాలి ఎంత మిగిలిందో చెప్పే గేజ్ చూడాలని తట్టదు, తను మెల్లగా కిందకి జారుతున్నాడని తెలియదు. ఒక చిన్న సమస్య మీద కళ్లు అతుక్కుపోతాయి, అసలు సమస్య వెనకనుంచి వస్తుంది.

నీళ్లు స్వతహాగానే ఇంద్రియాల్ని తికమక పెడతాయన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. మాస్క్‌లోంచి వస్తువులు మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి. శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకి పైగా వేగంగా వస్తుంది కాబట్టి ఎటునుంచి వస్తోందో చెవులు పోల్చుకోలేవు, ఎక్కడో వెళ్లే బోటు ఇంజను సరిగ్గా నెత్తి మీదున్నట్టు వినిపిస్తుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకి పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, అండమాన్‌లో 28 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో కూడా ముప్పావుగంటకి సన్నగా వణుకు రావడం అందుకే. వీటిలో ఒక్కటీ ప్రమాదం కాదు, కానీ మెదడు ఇవన్నీ కలిపి ఒక ఫైలులో పడేస్తుంది, ఆ ఫైలు నిండితే ఏ చిన్న కారణానికైనా తెరుచుకుంటుంది.

కొత్తవాళ్లకే ఇలా అవుతుందనుకోవడం పొరపాటు. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన విలియం మోర్గన్ 1980ల నుంచి దీని మీద పనిచేశాడు, అనుభవమున్న డైవర్లని అడిగితే సగం మందికి పైగా కనీసం ఒక్కసారైనా పానిక్ (అదుపు తప్పిన కంగారు) అంచుదాకా వెళ్లాం, లేదా పానిక్ అయ్యాం అన్నారు. ఆయన తేల్చిన ఇంకో ముక్క, స్వభావరీత్యానే ఎప్పుడూ ఏదో ఒక ఆందోళన మోసే మనుషులకి నీళ్ల కింద పానిక్ వచ్చే అవకాశం ఎక్కువని. అలాగని అలాంటివాళ్లు డైవింగ్‌కి పనికిరారని కాదు, కాకపోతే వాళ్లకి రెండు రోజుల్లో నేర్పేది నాలుగు రోజుల్లో నేర్పాలి. ఆ మాట మన టూరిస్టు ప్యాకేజీల్లో ఎవరూ వినరు, వినడానికి టైమ్ స్లాట్ ఒప్పుకోదు.

పానిక్ ఒక్కటే ప్రాణం తీసేది చాలా అరుదు, అది మిగతా వాటికి తలుపు తీస్తుంది. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ నిపుణులు 947 డైవింగ్ మరణాల్ని పరిశీలించి 2008లో అచ్చేసిన విశ్లేషణ ఒకటుంది. మొదటి తప్పు ఎక్కడ జరిగిందో తేలిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడం, 20 శాతం ఎక్కడో చిక్కుకుపోవడం, 15 శాతం పరికరాల ఇబ్బంది. దాని తర్వాత మెట్టులో ఎక్కువగా కనిపించింది ఎమర్జెన్సీగా పైకి దూసుకురావడం. ఈ రెండింటి మధ్య ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇంకో చేదు నిజం, చనిపోయిన డైవర్లు దొరికినప్పుడు వెయిట్ బెల్ట్ నడుముకే ఉండటం మామూలుగా కనిపించే సంగతి. ఒక్క బకిల్ లాగితే తేలేవాళ్లు. కంగారులో చెయ్యి అటు వెళ్లదు, ఎందుకంటే అంతకుముందు చెయ్యికి ఆ దారి ఎవరూ నేర్పలేదు, లేదా నేర్పింది ఒక్కసారే.

గాలి చాలకపోవడానికీ కంగారుకీ ఉన్న లంకె కూడా లెక్కలోనే కనిపిస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది, 200 బార్ (బార్ అంటే పీడనం కొలత) దాకా నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. అందులో 50 బార్ రిజర్వ్ ముట్టుకోకూడదు కాబట్టి వాడుకునేది 1,650. ప్రశాంతంగా ఉన్న మనిషి పైన నిమిషానికి 15 లీటర్లు వాడితే 10 మీటర్ల దగ్గర 30 అవుతుంది, అంటే 55 నిమిషాలు. కంగారులో అదే మనిషి మూడింతలు వాడితే 18 నిమిషాలు. ఒడ్డు మీద విన్న "ముప్పావుగంట డైవ్" అనే మాట నమ్మి గేజ్ చూడకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే భయస్తులకి ఇచ్చే మంచి సలహాల్లో ఒకటి, ధైర్యంతో సంబంధం లేనిది, ఐదు నిమిషాలకోసారి గేజ్ చూడమని. గాలి ఎంతుందో కళ్లతో చూస్తే సగం దడ అక్కడే దిగుతుంది.

మాస్క్ సంగతి విడిగా చెప్పుకోవాలి, కొత్తవాళ్లలో కంగారు మొదలయ్యే చోట్లలో అది ముందు వరసలో ఉంటుంది. ముక్కులోకి నీళ్లు వెళ్తే ఒళ్లంతా ఉలిక్కిపడటం మనిషికి పుట్టుకతో వచ్చిన రక్షణ, దాన్ని తర్కంతో ఆపలేం. నోటితో ఊపిరి తీస్తూ ముక్కుని ఖాళీగా ఉంచడం ఒంటికి నేర్పాలి, అంతే. పూల్‌లో నడుము లోతు నీళ్లలో, పక్కన మనిషిని పెట్టుకుని, మాస్క్ లేకుండా స్నార్కెల్ గొట్టం ఒక్కటే నోట్లో పెట్టుకుని ముఖం నీళ్లలో ముంచి ఊపిరి తియ్యడం దీనికి పాతకాలపు ప్రాక్టీసు. మొదటి పది సెకన్లు నరకంలా ఉంటుంది, రెండు మూడు రోజులకి బోర్ కొడుతుంది, ఆ బోర్ కొట్టడమే కావాల్సింది. మాస్క్‌లో నీళ్లు చేరితే తియ్యడం కూడా తేలికే, పై అంచు నుదుటికి నొక్కి, తల కాస్త ఎత్తి, ముక్కుతో ఊదితే గాలి నీళ్లని కింద నుంచి తోసేస్తుంది. డైవింగ్‌లో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సులో మాస్క్ పూర్తిగా తీసి మళ్లీ పెట్టుకోమనడం, గాలి అయిపోయినట్టు నటించి బడ్డీ దగ్గర గాలి తీసుకోమనడం ఊరికే పెట్టినవి కాదు, ఆ భయాన్ని ఒకసారి ముందే చూసొచ్చినట్టు ఉంటుందని.

ఒక్కరోజు టూరిస్ట్ డైవ్‌లో ఇవేవీ ఉండవు. 12 మీటర్ల లోపే, ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని తిప్పుతాడు, చాలా చోట్ల ఈత రాకపోయినా తీసుకెళ్తారు. హ్యావ్‌లాక్‌లో, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, నెమో రీఫ్ లాంటి చోట్ల ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగొచ్చు, మోకాలి లోతు, నడుము లోతు, మెడ లోతు, ఇలా మెల్లగా అలవాటవుతూ పోవచ్చు, భయం ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి మొదలు ఉండదు. విశాఖ రుషికొండ దగ్గర కూడా స్కూబా చేయిస్తున్నారు కానీ మన తూర్పు తీరంలో నీళ్లు అండమాన్‌లా అద్దంలా ఉంటాయని ఆశించకూడదు, మబ్బు నీళ్లలో కింద నేల కనిపించకుండా దిగడం కొత్తవాళ్లకి గుబులు పుట్టిస్తుంది. అలాంటి చోట తాడు పట్టుకుని దిగడమే మందు. చేతిలో ఒక స్థిరమైన వస్తువుంటే పైదేదో కిందదేదో మెదడుకి తెలుస్తుంది, కళ్లు చెప్పలేనిది చెయ్యి చెబుతుంది. చెవులు నొప్పిపుట్టేదాకా ఆగకుండా అడుగడుక్కీ ముక్కు మూసి మెల్లగా ఊదుకుంటూ దిగాలి, నొప్పి మొదలయ్యాక కంగారు దాని వెనకే వస్తుంది.

భయం ఉందని నోటితో చెప్పడం ఇంకో పెద్ద అడ్డంకి. పోర్ట్ బ్లెయిర్‌లో, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, తెలుగువాళ్లు బాగానే ఉన్నారు కాబట్టి అదృష్టం బాగుంటే బోటు మీద మన భాషే వినిపించొచ్చు, కానీ చాలాసార్లు హిందీలో ఇంగ్లీషులో గబగబా బ్రీఫింగ్ నడిచిపోతుంది, సగం అర్థం కాకపోయినా అందరూ తలూపుతారు, అడిగితే నామోషీ. డబ్బులు కట్టాం, కొత్త పెళ్లికొడుకు ముందు లేదా ఆఫీస్ గ్యాంగ్ ముందు పరువు, ఫొటోగ్రాఫర్‌కి విడిగా ఇచ్చాం, ఇన్ని బరువులు వెయిట్ బెల్ట్ మీద అదనం. ఆరోగ్యం ఫారంలో ఆస్తమా, గుండె జబ్బు, పానిక్ ఎటాక్స్ అన్నిటికీ చూడకుండా "నో" కొట్టేయడం ఈ మొహమాటానికి పరాకాష్ఠ. డైవర్ల మధ్య ఒక మంచి ఆచారం ఉంది, ఎవరైనా ఎప్పుడైనా ఏ కారణం చెప్పకుండా డైవ్ మానుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. టూరిస్టులకి ఈ హక్కుందని బోటు మీద గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ.

సైగల దగ్గర మనవాళ్లు తరచూ తడబడేది బొటనవేలు. ఫొటో తీస్తున్నారు కదాని "సూపర్" అన్నట్టు బొటనవేలు పైకెత్తితే నీళ్ల కింద దాని అర్థం "పైకి పోదాం" అని, ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకెళ్తాడు. బాగున్నానంటే చూపుడువేలు బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. వీటికంటే ముఖ్యమైంది మూడోది, అరచెయ్యి చాపి అటూ ఇటూ ఊపడం, ఏదో తేడాగా ఉంది అని. భయమేస్తున్నప్పుడు ఈ సైగ ముందే చేసేస్తే సగం కథ అక్కడే ముగుస్తుంది. చాలామంది చెయ్యరు, ఇన్‌స్ట్రక్టర్ అడిగినప్పుడల్లా అలవాటుగా సున్నా చుట్టేస్తారు, ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉన్నావంటే బాగున్నానన్నట్టు. అందుకే మంచి ఇన్‌స్ట్రక్టర్లు వేళ్లని నమ్మరు, కళ్లు చూస్తారు, బుడగలు చూస్తారు. కళ్లు పెద్దవై ఎక్కడో శూన్యంలోకి చూస్తుంటే, బుడగలు ఆగకుండా తుంపులు తుంపులుగా వస్తుంటే, సున్నా ఎంత గుండ్రంగా చుట్టినా వాళ్లకి విషయం తెలిసిపోతుంది.

కంగారు వచ్చేసిందనుకుందాం, అప్పుడు? ముందు కదలడం ఆపాలి. రాయో ఇసకో తాడో దొరికితే పట్టుకోవాలి, పగడాన్ని మాత్రం కాదు. పొడుగ్గా ఊపిరి వదలాలి, మూడు నాలుగు సార్లు, ఆ కాసేపు ఇంకేమీ తేల్చుకోకూడదు. కళ్లు దేనిమీదైనా నిలపాలి, బడ్డీ ముఖం అయితే మరీ మంచిది. అప్పుడు రెగ్యులేటర్ గాలి ఇస్తోందా, గేజ్‌లో ఎంతుంది, లోతెంత, ఈ మూడూ చూస్తే దాదాపు ఎప్పుడూ జవాబు "అంతా బాగానే ఉంది" అనే వస్తుంది. రాకపోయినా, పైకి వెళ్లాలనిపించినా, వెళ్లొచ్చు, అందులో సిగ్గుపడేది లేదు, కాకపోతే బడ్డీతో, బుడగలు వదులుతూ, ఆ బుడగల్ని దాటిపోకుండా మెల్లగా. పరిస్థితి బాగుంటే 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం (సేఫ్టీ స్టాప్) కూడా. పక్కవాడికి కంగారొస్తే మాత్రం సినిమా హీరోలా ఎదురుగా వెళ్లి వాటేసుకోకూడదు, పానిక్‌లో ఉన్న మనిషి ఎదుటివాడి మాస్క్, రెగ్యులేటర్ లాగేస్తాడు, ద్వేషంతో కాదు, చేతికందింది కాబట్టి. కొంచెం దూరంలో ఉండి స్పేర్ రెగ్యులేటర్ చాచడం, వీలైతే వెనకనుంచి సిలిండర్ పట్టుకోవడం, నీళ్ల పైకి చేరితే ముందు ఒంటి మీదున్న తేల్చే జాకెట్‌లో గాలి నింపడం, ఇదీ పద్ధతి.

ఈ ఊపిరి కిటుకులకి కూడా ఒక హద్దుంది, ఆ హద్దు ఎక్కడో 2018లో థాయ్‌లాండ్ థామ్ లువాంగ్ గుహలో అందరూ చూశారు. జూన్ 23న పన్నెండు మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ల కోచ్ వరద నీళ్లకి లోపల చిక్కుకుపోయారు, జులై 2న బ్రిటిష్ డైవర్లు రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ వాళ్లని కనిపెట్టారు. అంతకుముందే ఆ గుహలో ఇంకో సంఘటన జరిగింది. లోపల చిక్కుకున్న నలుగురు పంపు పనివాళ్లని ఈ ఇద్దరే చిన్నపాటి నీటి దారిలోంచి బయటికి తెచ్చారు, పెద్ద మనుషులు, దూరం కొద్దిపాటిదే, అయినా ఆ కాస్త దూరంలోనే కంగారుపడి గింజుకున్నారు. మరి పిల్లల్ని గంటల తరబడి చీకట్లో బురద నీళ్లలోంచి తేవాలి. అప్పటికే థాయ్ నేవీ మాజీ డైవర్ సమన్ కునాన్ జులై 6న గుహలో సిలిండర్లు చేరవేస్తూ చనిపోయాడు. ఎంత నేర్పినా, ఎంత ధైర్యం చెప్పినా పిల్లలు మెలకువగా ఉంటే పానిక్ అవుతారు, తీసుకొచ్చేవాళ్లని కూడా ముంచుతారు అని తేలిపోయింది. చివరికి ఆస్ట్రేలియా ఎనస్థీషియా డాక్టర్, తనే గుహ డైవర్ కూడా అయిన రిచర్డ్ హ్యారిస్, పిల్లలకి కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చి స్పృహ లేకుండా చేశాడు. ముఖమంతా కప్పే మాస్క్ బిగించి, చేతులు వెనక్కి కట్టి, ఒక్కో డైవర్ ఒక్కో పిల్లాణ్ణి మూటలా మోసుకుంటూ వచ్చాడు, దారిలో మత్తు దిగుతుంటే డైవర్లే మళ్లీ ఇంజెక్షన్ చేశారు. జులై 8 నుంచి 10 దాకా మూడు రోజుల్లో పదమూడు మందీ బతికి బయటపడ్డారు. ఏమీ కనిపించని ఆ నీళ్లలో పిల్లాడు బతికే ఉన్నాడా లేదా అని తెలుసుకోవడానికి డైవర్లకి ఉన్న ఆధారం ఒక్కటే, మాస్క్ పక్కనుంచి బుడగలు వస్తున్నాయా, ఎంతసేపటికోసారి వస్తున్నాయి అని.